ఆఖరి ముడి వెయ్యని పరంజా

పనిచోట ఎవరూ పడిపోకుండా చూడటానికి సర్కారు వారు మా ఊళ్ళో ఒక కార్యాలయం పెట్టారు. అందులో రెండు విభాగాలు. ఇనుప పరంజాల మీద నుంచి పడేవాళ్ళను ఇనుప విభాగం చూసుకుంటుంది, కొయ్య పరంజాల మీద నుంచి పడేవాళ్ళను కొయ్య విభాగం చూసుకుంటుంది. నేల మీద ఊరికే పడేవాళ్ళకు ఇంకా విభాగం మంజూరు కాలేదు. నేను కొయ్య విభాగంలో సీనియర్ గుమాస్తాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క పరంజా కూడా ఎక్కలేదు, ఒక్కసారి కూడా పడలేదు. నిబంధనలు పనిచేస్తాయనడానికి నాకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదని మా ఉప సంచాలకులు విరూపాక్షరావు గారు మీటింగుల్లో నన్ను చూపిస్తుండేవారు.

ఆ ఏడు ప్రధాన కార్యాలయం నుంచి కొత్త నియమావళి వచ్చింది. నీలం అట్ట, ఎనభై నాలుగు నిబంధనలు. రాసినవాళ్ళు పరంజాకు కట్టే సరుగుడు బాదును ఎన్నడైనా చూశారో లేదో తెలియదు గానీ, దాని వల్ల మనిషికి కలగగల ముప్పులన్నీ చూశారు. అందులో మూడు నిబంధనలు మాత్రం చెబుతాను, మిగతావి చదవకపోయినా మీకు ఏ ప్రమాదమూ లేదు. పద్నాలుగో నిబంధన: యోగ్యుడైన అధికారి పరిశీలించి ధ్రువీకరించు వరకు ఏ వ్యక్తియు కొయ్య పరంజా నెక్కరాదు. పదిహేనో నిబంధన: సదరు అధికారి ప్రతి ముడిని స్వయముగా చేతితో తాకి పరిశీలించవలెను. ఇరవై రెండో నిబంధన: పరంజాపై ఆహార పానీయములు సేవించరాదు.

పుస్తకం వచ్చిన వారానికే మా ప్రధాన ద్వారం పైన ఉన్న సజ్జ పగిలింది. నాలుగడుగుల రెండంగుళాల పగులు, లోపల తుప్పుపట్టిన ఊచలు. దాని కింద స్టూలు వేసుకుని మా అటెండరు అసిరమ్మ కూర్చుంటుంది. వచ్చిన ప్రతివాడి చేతా రిజిస్టరులో సంతకం పెట్టించుకోవడం ఆవిడ డ్యూటీ. మొగుడు పోయాక ఆ ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్ళుగా ఆ స్టూలు మీదే ఉంది. ఇప్పుడు ఆవిడ జుట్టులో పొద్దుటికి ఒకటి, మధ్యాహ్నానికి రెండు గచ్చు పెళ్ళలు రాలుతున్నాయి.

"బాబూ, ఆ స్టూలు నాలుగడుగులు పక్కకి జరుపుకుంటానండి," అని నా దగ్గరకు వచ్చింది. "నెత్తి మీద పడిపోద్దేమోనని బయ్యంగా ఉంది."

నేను ఆవిడను వెంటబెట్టుకుని ఉప సంచాలకుల గదిలోకి వెళ్ళాను. ఆయన ఫైలు తెప్పించుకున్నారు. అసిరమ్మ స్టూలు స్థానం గురించి పూర్వం ఒక ఉత్తర్వు ఉంది. పాపం, ఎవరో దయగల అధికారి ఎండ తగలకూడదని "ప్రధాన ద్వారమునకు ఎదురుగా, సజ్జ నీడలో" అని రాయించాడు. "సజ్జ నీడలో అని స్పష్టంగా ఉంది గదమ్మా," అన్నారు విరూపాక్షరావు గారు ఆప్యాయంగా. "ప్రధాన కార్యాలయం ఇచ్చిన నీడ. దాన్ని తగ్గించే అధికారం నాకు లేదు."

"పోనీ ఒక హెల్మెట్టయినా ఇప్పించండి," అన్నాను నేను.

"హెల్మెట్లు ఎత్తున పనిచేసేవారికే. ఈమె కింద ఉంది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా దగ్గర దేవుడికీ పూజారికీ మధ్య ఇంకో ఎనిమిది మంది ఉన్నారు. అయినా ఆయన చెడ్డవాడు కాదు. సజ్జకు మరమ్మతు చేయించమని అదే రోజు ఆదేశించారు. పైగా కొత్త నియమావళి ప్రకారం రాష్ట్రంలో మొట్టమొదటి పరంజా మన గుమ్మం ముందే కట్టాలని, ప్రధాన కార్యాలయం వారిని పిలిచి చూపించాలని ఉబలాటపడ్డారు. ఆలు లేదు చూలు లేదు, ఆహ్వాన పత్రికలు మాత్రం ఆ సాయంత్రమే ముసాయిదా రాశాను.

పనికి కూర్మయ్య మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి. పరంజా కట్టడమూ తానే, తాపీ పనీ తానే. తలెత్తి సజ్జ వంక చూసి, "రెండు గంటల పని బాబూ," అన్నాడు. ఆ మాట ఎవరూ ఫైలులో రాసుకోలేదు.

అతను బాదులు నాటుతుంటే నేను వరండాలో నిలబడి మాట్లాడాను. నలభై ఏళ్ళలో తన పరంజా మీద నుంచి ఒక్కడూ పడలేదట. ఎలాగని అడిగితే వాళ్ళ తాత నాటి ఆచారం చెప్పాడు. పరంజా కట్టినవాడు ముందు తానే ఎక్కి, పై పలక మీద కూర్చుని అన్నం తినాలి. తిని, చెయ్యి కడుక్కుని దిగాక గానీ రెండోవాడు ఎక్కకూడదు.

"అన్నం తినడానికీ పరంజా గట్టితనానికీ ఏమిటి సంబంధం?" అన్నాను.

"పైన కూకుని తినాలని తెలిస్తే ముడి ఒదులుగా ఎయ్యడు కదండి."

ఎనభై నాలుగు నిబంధనల్లో ఎక్కడా ఇంత చిన్న వాక్యం లేదు. ఇరవై రెండో నిబంధనకు ఇది విరుద్ధం కనుక విననట్టు ఊరుకున్నాను.

పదకొండున్నరకు కూర్మయ్య పైనున్న పలక మీద నిలబడి ఆఖరి ముడి బిగించాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, అడ్డకర్రకు తగిలించిన టిఫిను గిన్నె అందుకున్నాడు. అప్పుడే విరూపాక్షరావు గారు నీలం పుస్తకం చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు.

"మేస్త్రీ, పరంజా పూర్తయిందా?"

"అయిపోనాది బాబూ."

"అయితే నువ్వు ధ్రువీకరణ లేని పరంజా మీద ఉన్నావు. పద్నాలుగో నిబంధన."

"నానే కట్టినాను కదండి. ఎక్కకుండా ఎలా కడతారు?"

"కట్టేటప్పుడు అది పరంజా కాదు. పరంజా అనగా అన్ని ముడులూ వేయబడిన నిర్మాణము అని రెండో నిబంధనలో నిర్వచనం ఉంది. అంతకుముందు అది కొయ్యల సముదాయం మాత్రమే. సముదాయం ఎక్కడానికి అభ్యంతరం లేదు. ఆఖరి ముడి వేసిన క్షణం నుంచి నువ్వు నేరంలో ఉన్నావు."

"సరే, దిగిపోతానండి."

"ఆగు," అన్నారాయన చెయ్యెత్తి. "దిగడమూ పరంజాను వినియోగించడమే."

కూర్మయ్య పైనుంచి ఆయన వంక చూశాడు. ఆయన కింద నుంచి పుస్తకం వంక చూశారు. మా పరిశీలకుడు దివాకరాన్ని పిలిపించారు. యోగ్యుడైన అధికారి అంటే అతనే. ముడులు తాకి ధ్రువీకరిస్తే మేస్త్రి దిగవచ్చు. దివాకరం పరంజా దగ్గరదాకా వెళ్ళి ఆగిపోయాడు. ధ్రువీకరణ లేని పరంజాను ఏ వ్యక్తీ ఎక్కరాదు, అతనూ వ్యక్తే. నిచ్చెన తెప్పిద్దామని నేనన్నాను. నిచ్చెన అల్యూమినియంది కనుక ఇనుప విభాగం పరిధిలోకి వస్తుందో రాదో తేల్చాల్సి ఉంటుందన్నారు ఉప సంచాలకులు.

మధ్యాహ్నం మూడు గంటల దాకా చర్చ సాగింది. కూర్మయ్య పైన కూర్చుని అన్నం తిన్నాడు. ఇరవై రెండో నిబంధన ప్రకారం దానికి వేరే నోటీసు టైపు చేశాను. అతను వేసిన తాడుకు అసిరమ్మ మంచినీళ్ళ చెంబు కట్టి పైకి పంపింది. అందులో సహకరించిన నేరం ఉందేమోనని దివాకరానికి అనుమానం వచ్చింది గానీ ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి కూర్మయ్యే అడిగాడు. "బాబూ, ఈ ముడి ఇప్పేస్తే ఇది పరంజా కాదు కదేటి?"

ఉప సంచాలకులు పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. "కాదు," అన్నారు. మేస్త్రి ముడి విప్పి, తాడు నడుముకు చుట్టుకుని, సముదాయం మీద నుంచి దిగి వచ్చాడు. ఆఫీసు మొత్తానికి ప్రాణం లేచివచ్చింది. సజ్జ మాత్రం అలాగే ఉంది, దాని కింద అసిరమ్మా అలాగే ఉంది.

మర్నాటి నుంచి మా మేధస్సు పూర్తిస్థాయిలో పనిచేసింది. మొదటి పరంజా ఎక్కకుండానే ముడులు తాకాలంటే దాని పక్కన రెండోది కట్టి, దాని మీద నుంచి చెయ్యి చాపాలని దివాకరం నివేదిక ఇచ్చాడు. రెండోది కట్టారు. మొదటిదానికి ఆఖరి ముడి మళ్ళీ వేయించారు, ఈసారి మేస్త్రి రెండో సముదాయం మీద నిలబడి చెయ్యి చాపి వేశాడు. తీరా రెండోది పూర్తయ్యాక అదీ ధ్రువీకరణ లేని పరంజాయే అయింది. దాని కోసం మూడోది. మూడోదాని కోసం నాలుగోది. పెళ్ళిపందిళ్ళ వాళ్ళకు బాదులు దొరక్క మా ఆఫీసును తిట్టుకున్నారు. అయిదోది కట్టబోతే ప్రహరీ గోడ అడ్డం వచ్చింది, అవతల ఎవరిదో పశువుల పాక. ప్రహరీ తొలగించే విషయమై వేరే ఫైలు తెరిచాను.

రోజూ పొద్దున్నే నాలుగు పరంజాల మధ్య నుంచి దారి చేసుకుని అసిరమ్మ తన స్టూలు దగ్గరికి వచ్చేది. కొంగును నాలుగు మడతలు పెట్టి నెత్తిన వేసుకునేది. కూర్మయ్య అది చూసి ఒకసారి ఉప సంచాలకులతో అనేశాడు. "పైనుండి పడేది కిందున్నోల మీదే కదండి బాబూ. మరి ఆలకేటీ నిబందన లేదా?"

"కిందివారు వేరే విషయం," అన్నారాయన. "మనది ఎత్తుకు సంబంధించిన కార్యాలయం."

ఆ ఆదివారం ఆఫీసుకు సెలవు. సోమవారం నేను వచ్చేసరికి అసిరమ్మ స్టూలు మీద తల తుడుచుకోకుండా, కొంగు కప్పుకోకుండా కూర్చుని రిజిస్టరుకు గీతలు గీస్తోంది. తలెత్తి చూశాను. సజ్జకు పగులు లేదు. తుప్పు గీకేసి, ఊచలు మార్చి, కొత్త సిమెంటు నున్నగా మెత్తి ఉంది. కూర్మయ్య గోడకు చేరగిలబడి అసిరమ్మ పోసిన టీ తాగుతున్నాడు.

"ఎలా చేశావు?" అన్నాను చిన్న గొంతుతో.

"మొదటిదానికి ఆ ముడి ఇప్పేసినాను బాబూ. పరంజా కాదు కదా. సముదాయం ఎక్కి పని సేసేసి దిగిపోనాను. రెండు గంటలు పట్టింది."

నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ మాట దాచను. పంతొమ్మిదేళ్ళలో మా ఆఫీసు చుట్టుపక్కల ఒక పని జరగడం నేను చూసింది అదే.

విరూపాక్షరావు గారు పదిన్నరకు వచ్చారు. గుమ్మంలోనే ఆగి సజ్జను చూశారు. ఆయన మొహంలో కోపం లేదు, బెంగ ఉంది. వెంటనే మీటింగు పెట్టారు. "మరమ్మతు పరంజా మీద నుంచి జరగాలి," అన్నారు. "పరంజా ఆ సమయంలో లేదు. కాబట్టి మరమ్మతు జరగలేదు."

"కానీ సార్, సజ్జ బాగయింది," అన్నాను.

"నిబంధనలకు విరుద్ధంగా బాగయింది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రికార్డు ప్రకారం సజ్జకు నాలుగడుగుల రెండంగుళాల పగులుంది. కంటికి లేదు. ఈ రెండింటిలో ఒకటి మార్చాలి. రికార్డు ప్రధాన కార్యాలయానికి పంపేశాం. గురువారం వాళ్ళు నాలుగు పరంజాలూ చూడటానికి వస్తున్నారు. పగులే లేకపోతే ఈ పరంజాలు ఎందుకని అడిగితే ఏం చెబుతాం?"

 దివాకరం లేచి, పగులును పునరుద్ధరించడం సాంకేతికంగా సాధ్యమేనన్నాడు. కింద నిలబడి పొడవాటి బాదుతో పొడవవచ్చు. ఎవరూ ఏమీ ఎక్కరు గనుక నియమావళిలో ఒక్క నిబంధనా అడ్డురాదు. పుస్తకం వచ్చిన తర్వాత మా ఆఫీసులో ఏ అడ్డంకీ లేకుండా ఆమోదం పొందిన మొదటి పని అదే. ఉత్తర్వు నేనే టైపు చేశాను. సజ్జ విషయమునందును, స్టూలు విషయమునందును యథాస్థితి పునరుద్ధరింపవలెనని. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

కూర్మయ్యను పిలిచి బాదు చేతికిచ్చారు. అతను పుచ్చుకోలేదు. "బాగు సేసిన సేత్తో సెడగొట్టనండి," అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. దివాకరమే ఇద్దరు కూలీలను పెట్టించాడు. మంగళవారమంతా పొడిచారు. కొత్త సిమెంటు ముందు ఊడింది. దాని వెనక పాతది కూడా కదిలింది. పగులు ఆ చివర నుంచి ఈ చివరికి పాకింది. దివాకరం నేల మీద నిలబడి, ఒక కన్ను మూసి చూసి, నాలుగడుగుల రెండంగుళాలేనని ధ్రువీకరించాడు.

బుధవారం పొద్దున అసిరమ్మ స్టూలును వరండా మూలకు వేసుకుని కూర్చుంది. నేను ఉత్తర్వు కాగితం తీసుకెళ్ళాను. ముట్టినట్టు సంతకం కావాలి.

"మళ్ళీ అక్కడే కూకోమనా బాబూ?" అంది.

"రేపు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేదాకానే అసిరమ్మా," అన్నాను. ఆవిడ సంతకం పెట్టి, స్టూలు ఎత్తుకుని వెళ్ళి సజ్జ కింద వేసుకుంది. వద్దు, నేను చూసుకుంటాను, మూలనే కూర్చో అని ఒక్క మాట అనుండొచ్చు. అనలేదు. కాగితం ఫైలులో పెట్టాలని లోపలికి వచ్చేశాను.

పదకొండుంబావుకు సజ్జ పడింది. లోపల మా బల్లల మీద ఇంకుసీసాలు ఎగిరాయి. బయటికి పరుగెత్తి చూస్తే దుమ్ము. నాలుగు పరంజాలూ చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి, వేసిన ముడి ఒక్కటీ వదులు కాలేదు. అసిరమ్మ కుడిచెయ్యి మాత్రమే రాళ్ళ బయట కనిపించింది. ఎదురు సందులో ఎవరింటికో సున్నం వేస్తున్న కూర్మయ్య వచ్చి రాళ్ళు తీశాడు. ఆవిడను రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినవాడూ అతనే. మేము వెళ్ళకూడదనుకుని కాదు. ప్రమాద స్థలాన్ని కదల్చకూడదని దివాకరం అంటున్నాడు.

బతికింది. కుడి భుజం నుజ్జయింది, తలకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఆ చెయ్యి ఇక లేవదన్నారు. సాయంత్రం ప్రమాద నివేదిక ఫారం నింపే పని నాకు పడింది. డ్యూటీలో జరిగిన గాయమని ఆ ఫారం ఒప్పుకుంటేనే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే పనికిరాదని ఇంటికి పంపేస్తారు. మూడో గడిలో ఇలా ఉంది: ప్రమాద సమయమున బాధితుడు భూమట్టమునకు ఎంత ఎత్తున ఉండెను? ఆరడుగుల లోపు అయితే విభాగ పరిధిలోకి రాదు. స్టూలు ఎత్తు అడుగున్నర.

నేను పంతొమ్మిదేళ్ళలో తప్పు అంకె రాసి ఎరుగను. ఆ రోజు పన్నెండడుగులు అని రాశాను. బాధితురాలు పరంజా మీద నుంచి పడెను అని రాసి, ఉప సంచాలకులు చూడకముందే తపాలా సంచీలో పడేశాను. నాకు భయం వేసింది, కొంచెం గర్వం కూడా వేసింది.

గురువారం వస్తామన్న ప్రధాన కార్యాలయం వాళ్ళు రాలేదు గానీ, పది రోజులకు అక్కడి నుంచి రెండు కవర్లు వచ్చాయి. మొదటిదానిలో అసిరమ్మ గాయాన్ని పరంజా ప్రమాదంగా గుర్తిస్తున్నట్టు ఉంది. నేను దాన్ని కళ్ళకద్దుకున్నాను. రెండోది కూడా ఆవిడ పేరు మీదే ఉంది. ధ్రువీకరణ లేని పరంజాను పద్నాలుగో నిబంధనకు విరుద్ధముగా ఏల ఎక్కితివో, నిన్ను ఉద్యోగము నుండి ఏల తొలగింపరాదో వారము దినములలో లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

విరూపాక్షరావు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ స్టూలు మీద ఉందని మీకు తెలుసు కదా సార్, మీ కళ్ళతో చూశారు కదా అన్నాను.

"చూశాను," అన్నారాయన. "కానీ రికార్డు ప్రకారం ఎక్కింది. తీసుకెళ్ళి సంతకం పెట్టించండి."

ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన కూర్మయ్య కూర్చుని గంజి తాగిస్తున్నాడు. నన్ను చూసి లేచి స్టూలు ఇచ్చాడు. నేను కూర్చోలేకపోయాను. నిలబడే నోటీసు చదివాను. నేను రాసిన అబద్ధం సంగతీ చెప్పాను. కూర్మయ్య గిన్నె కింద పెట్టి నా వంక చూశాడు. అసిరమ్మ నా వైపు తల తిప్పింది. కట్టు లోంచి ఒక కన్నే కనిపిస్తోంది.

"ఏటి రాయమంటావు అసిరమ్మా?" అన్నాను. నాకు తెలియకుండానే ఆవిడ యాసే నా నోట వచ్చింది.

"నానెక్కలేదని రాయండి బాబూ," అంది. "కూకోబెట్టినారని రాయండి."

సంజాయిషీ ఫారంలో ఆ మాటకు గడి లేదు. ఎక్కితిని, ఎక్కనందుకు ఆధారములు అని రెండే ఉన్నాయి. కాగితం వెనక్కి తిప్పాను, అటువైపు తెల్లగా ఉంది. ఆవిడ అన్నది అన్నట్టే రాశాను. పన్నెండడుగులు అని రాసింది నేనేనని రాశాను. స్టూలు అక్కడే వెయ్యాలన్న ఉత్తర్వు టైపు చేసింది నేను, సంతకం పెట్టించుకున్నది నేను, మూలన కూర్చున్న మనిషిని లేపింది నేను అని రాశాను. కింద సంతకానికి ఆవిడ చెయ్యి లేవదు. అందుకని నాదే పెట్టాను.